టీసీ అత్త దాచిన స్వరం

అరవై దాటిన బ్రహ్మచారి ఒకడు, పిల్లల్లేని ముసలామె ఇంటికి ప్రతి గురువారం మధ్యాహ్నం గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని వస్తున్నాడంటే సముద్రం ఒడ్డున మా క్విల్టీ ఊళ్ళో ఎవరూ అది సంగీతం కోసమని అనుకోరు. పొలం కోసమనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ ముసలామె మా మేనత్త టీసీ మారినన్. ఎనభై ఆరేళ్ళు. ఇంటి వెనకనుంచి సముద్రం దాకా దిగే పచ్చిక భూమి అంతా ఆమెదే. ఆమె తరవాత నాకు రావలసింది. అందుకే సెనన్ టాల్టీ మొదటిసారి గడపలో నిలబడ్డ రోజునుంచీ నేనూ గురువారాలు అక్కడే ఉండేదాన్ని. రొట్టెకి పిండి కలిపే వంకన ఒక కన్ను అతని మీద వేసి ఉంచేదాన్ని.

సెనన్ పాల లారీ నడిపి రిటైరైనవాడు. లోకంలో ఎవరినీ నమ్మని మనిషి. వాన పడుతోందని రేడియో చెబితే తలుపు తీసి చెయ్యి చాపి చూసేవాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, ఎందుకడుగుతున్నావని అడిగేవాడు. అలాంటివాడు ఎన్నిస్ పట్నంలో, రెండు చేతుల మధ్య తిత్తి లాగుతూ మీటలు నొక్కి వాయించే ఒక సెకండ్‌హ్యాండ్ కన్సర్టీనా కొన్నాడు. అమ్మినవాడు మోసం చేశాడేమోనని, ఒక్క ట్యూనైనా రాకముందే దాని మరలన్నీ విప్పి, లోపల స్వరం పలికే సన్నని రేకుల రీడ్లు ఒక్కొక్కటే చూసి, మళ్ళీ బిగించాడు. తరవాత కూడా ఏ మీట కాస్త గరగరమన్నా విప్పేవాడు. ఆ మరల కోసం చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి ఎప్పుడూ జేబులోనే ఉండేది.

కన్సర్టీనా మా వైపు ఆడవాళ్ళ వాద్యం. మా అమ్మమ్మల కాలంలో వంటింటి గోడలో, నిప్పు పక్కన గూట్లో ఉండేది. మగవాళ్ళు ఫిడేలు పట్టేవాళ్ళు. అందుకని సెనన్ ఆవుల కొట్టంలో కిటికీకి గోనెసంచి కట్టి నేర్చుకున్నాడు. అయినా ఊరంతా తెలిసింది.

"ఏం సెనన్, గౌను ఎప్పుడు కుట్టించుకుంటున్నావ్?" అని ఫిడేలు వాయించే మార్టీ పబ్బులో అందరి ముందూ అడిగాడు.

"నీ కొలతలిస్తే ఇద్దరికీ ఒకేసారి కుట్టిస్తా," అన్నాడు సెనన్.

ఆదివారం పాటకచేరీలో ఒక మూల కూర్చుని మెల్లగా కలిపేవాడు. అయిపోగానే "శభాష్, సెనన్" అనేవాళ్ళు. అతను మొహం మాడ్చుకుని ఇంటికి పోయేవాడు. ఆ ఒక్క విషయంలో అతని అనుమానం సరైనదే. మా దగ్గర బాగా వాయించినవాడిని ఎవరూ మెచ్చుకోరు, ఆ ట్యూన్ ఎక్కడ పట్టావని అడుగుతారు. శభాష్ అన్నారంటే వాయించింది చాలు, ఇక పెట్టెలో పెట్టమని.

అతనికి కావలసింది ఒకటే ట్యూన్. వాళ్ళమ్మ నోనీ పాలు పితుకుతూ నోటితో కూనిరాగంగా తీసే ట్యూన్. ఆమె పోయాక అది ఇంకెవరి దగ్గరా లేదని తెలిసింది. ఆమె తరంలో మిగిలింది మా అత్త ఒక్కతే. చిన్నప్పుడు ఇద్దరూ పక్క పక్క ఇళ్ళవాళ్ళు. తరవాత ఎన్నడూ మాట్లాడుకోలేదు. పొలాలకి ఎరువుగా సముద్రపు నాచు తోలుకునే బండిబాట మీద తగవని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మా అత్తకి గుండె ఆ ఏడాది రెండుసార్లు మొరాయించింది. ఆమె పోతే ట్యూన్ పోతుంది. అందుకే వచ్చాడు.

"టాల్టీలు ఈ గడప తొక్కారంటే ఏదో కావాలనే," అంది అత్త. "ఏం కావాలి అబ్బాయ్?"

"అమ్మ పాడే ట్యూన్ మీ దగ్గరుందట."

"ఉంది. అయితే?"

"నేర్పుతారా?"

అత్త నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నేను వద్దన్నాననే, "కూర్చో" అంది.

పాతకాలపు వాద్యగత్తెల అలవాటు మా అత్తది. వేళ్ళ పని ఎవరూ దొంగిలించకుండా వీపు తిప్పి వాయించేది. సెనన్ ఆ వీపు వైపు చెవి పెట్టి కూర్చునేవాడు. మొదటి భాగం చలికాలంలోనే వచ్చేసింది. రెండో భాగం దగ్గర బండి ఆగింది. వాళ్ళమ్మ పాటలో అక్కడ ఒక స్వరం పైకి లేచేది, దానికోసమే ట్యూన్ అంతా ఉన్నట్టుండేది. అత్త అక్కడికి వచ్చేసరికి కిందినుంచి చుట్టు తిరిగి పోయేది.

"అక్కడ ఇంకొకటుందండీ," అనేవాడు.

"ఏమీ లేదు."

"అమ్మకి ఉండేది."

"అయితే మీ అమ్మనే అడుగు."

మొక్కజొన్న రంగు చొక్కా వేసుకుని వచ్చేవాడు పాపం, బయటికి పోయేటప్పుడు మెడదాకా ఎర్రబడేవాడు. గేటు దగ్గర ఒకసారి నన్ను పట్టుకుని, "కన్సెప్టా, మీ అత్త కావాలనే దాస్తోంది. ఒక్క స్వరం. అది లేకపోతే మిగతాదంతా పొట్టే," అన్నాడు.

"నువ్వేం దాస్తున్నావో అది చెప్పు ముందు," అన్నాను.

అతను నా వైపు తెల్లమొహం వేసుకుని చూశాడు. ఆ అమాయకత్వాన్ని కూడా నేను నమ్మలేదు.

వసంతం మధ్యలో మా అత్త తనంతట తనే పరీక్ష పెట్టింది. అతను వచ్చి టోపీ తీస్తుండగానే, "పొలం కన్సెప్టా పేరున రాసేశాను. లాయరు మొన్ననే వచ్చి వెళ్ళాడు. ఇక నువ్వు రావడం మానుకోవచ్చు," అంది. అది నిజమే. నాకు ఒళ్ళంతా తేలికైంది. అతని మొహం ఎలా మారుతుందో చూద్దామని పిండి చేతులతోనే నిలబడ్డాను.

"మంచిదండీ," అన్నాడు సెనన్, కుర్చీ లాక్కుంటూ. "రెండో భాగం ఇంకోసారి వాయిస్తారా?"

నాకు అతని మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. పొలం కోసం కాకపోతే ఇన్ని నెలలు నన్ను ఎందుకు కాపలా కాయించాడు?

అత్త వాయించింది. అదే చోట అలాగే చుట్టు తిరిగింది. సెనన్ లేచి నిలబడ్డాడు.

"చాలండీ. ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. మా అమ్మ మీద పగ ఉంటే నా మీద తీర్చుకోండి. కానీ ఆ స్వరాన్ని మాత్రం మీతో పాటు గోతిలోకి తీసుకుపోకండి."

అత్త గిరుక్కున తిరిగింది. కన్సర్టీనా అతని చేతుల్లోకి దాదాపు విసిరింది. "దాచానా? ఇదిగో పెట్టె. కుడిచేతి నడిమి వరస, మూడో మీట. లాగు. నువ్వే వెతుక్కో."

సెనన్ మీట నొక్కి తిత్తి లాగాడు. ఉస్సుమని గాలి వచ్చింది. స్వరం రాలేదు.

"మీ అమ్మ చేసిన పని అది," అంది అత్త. "వాళ్ళ పిన్ని ఇంట్లో డాన్సుంటే అడిగి పట్టుకెళ్ళింది. మర్నాడు తెచ్చేసరికి ఆ మీట చచ్చిపోయి ఉంది. కింద పడేశావా అంటే, నా ఒళ్ళోంచి దిగలేదు, కన్నతల్లి మీద ఒట్టు, అంది. ఒట్టేసి అబద్ధమాడే మనిషితో నాకేం పని?"

బండిబాట ఊసే లేదు. ఇన్నాళ్ళూ మేమందరం మోసుకు తిరిగిన తగవు అసలు అది కాదన్నమాట.

"బాగు చేయించలేదేం?" అని నేనడిగాను.

"ఎందుకు చేయిస్తాను? సాక్ష్యం అది. దాన్ని తప్పించుకుని వాయించడం నేర్చుకున్నాను."

సెనన్ ఆ మీట ఇంకోసారి నొక్కి చూశాడు. తరవాత, "అమ్మ ఒట్టేస్తే అబద్ధమాడదు," అన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. "విప్పి చూస్తాను."

నేను వద్దన్నాను. పాడు చేస్తాడనుకున్నాను. అత్త మాత్రం, "విప్పు. విరిగిన రీడు నీ కళ్ళతోనే చూసుకో," అంది.

ఆరు మరలూ విప్పి, కుడివైపు చట్రం ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. ముగ్గురం వంగి చూశాం. రీడు విరగలేదు, వంగను కూడా లేదు. దాని నాలుక కింద నల్లటి నలుసు ఇరుక్కుని ఉంది. మేం చిత్తడి నేలలోంచి కోసి ఎండబెట్టి పొయ్యిలో వేసే టర్ఫ్ గడ్డ పీచు. నిప్పు పక్క గూట్లో పెట్టిన ప్రతి కన్సర్టీనాలోకీ ఎప్పుడో ఒకప్పుడు చేరేదే. సెనన్ ఆదివారం చర్చిలో పంచిన కాగితం అంచు చింపి రీడు కిందికి దూర్చి, మెల్లగా బయటికి లాగాడు. నలుసు బల్ల మీద పడింది. ఊదితే ఎగిరిపోయేంత ఉంది.

మరలు బిగించి మూడో మీట లాగాడు. స్వరం పలికింది. కాస్త బొంగురుగా, కానీ నిండుగా.

అత్త కుర్చీలో కూర్చుండిపోయింది. ఆమె మొహం చూడలేక నేను పిండి వైపు తిరిగాను. నోనీ టాల్టీని పాతిపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు చర్చి గంట వినపడకుండా మా అత్త రేడియో పెద్దగా పెట్టుకుని కూర్చోవడం నాకు తెలుసు. అదీ బండిబాట పగే అనుకున్నాను అప్పుడు. 

"ఇటియ్యి," అంది చివరికి. రెండో భాగం ఎత్తుకుంది. ఆ చోటికి రాగానే వేలు దానంతట అదే కిందికి జారి చుట్టు తిరిగింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అంతే. మూడోసారి మధ్యలో ఆపి, పెట్టె సెనన్‌కి అందించింది. "నా వేలు అటు పోదు. నువ్వు వాయించు."

అతను వాయించాడు. తడబడుతూ, ఆవుల కొట్టం వాయింపే. కానీ ఆ చోట స్వరం పైకి లేచింది, వంటింట్లో అదొక్కటే మిగిలినట్టయింది. అత్త కళ్ళు మూసుకుని విన్నది.

"నా గురించి ఎప్పుడైనా చెప్పేదా?" అని అడిగింది.

టాల్టీల ఇంట్లో మా అత్త పేరు ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. అది నాకు తెలుసు, అతనికీ తెలుసు, అడిగిన ఆమెకీ తెలుసు.

"చెప్పేదండీ," అన్నాడు సెనన్. "చుట్టుపక్కల మీ చేతికి సాటి చెయ్యి లేదనేది. పాలు పితికేటప్పుడల్లా అనేది."

అత్త కళ్ళు తెరిచి, సంతలో దూడని బేరమాడే మనిషిలా అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"అబద్ధమాడుతున్నావు," అంది.

అతను తల వంచుకున్నాడు.

"ఏమనేదీ?" అంది అత్త. "ఇంకోసారి చెప్పు."