మా వదినా, ఒక మొండి ప్రోగ్రామూ

మా వదిన బల్ల కింద దూరి వైర్లు సరిచేస్తుండగా, బయట మిగిలిన ఆమె పాదాలను బూట్ల దుకాణం పెద్దాయన టేపు పెట్టి కొలిచి, ఎడమది కాస్త పెద్దదని కాగితం మీద రాసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకోకుండానే పనిలోకి దిగడం ఆయన అలవాటు. కొలతకొచ్చిన మనిషి బల్ల కింద ఎందుకు పడుకుందని ఆయన అడగలేదు; నోట్లో స్క్రూ ఉండటంవల్ల వదినా చెప్పలేదు. ఆమె బయటికొచ్చాక, "ఇదేం పెద్ద లోపం కాదమ్మా" అని ధైర్యం మాత్రం చెప్పాడు.

ఎప్పుడో రాసిన ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్లలో బతికించడం మా వదిన పని. తాళాలు చేసేవాళ్ళూ, కట్టుడు పళ్ళు చేసేవాళ్ళూ అందరూ ఆమెను పాతసామాన్ల డాక్టరమ్మ అంటారు. పెళ్ళికి ముందు ఒక అచ్చాఫీసులో టైపిస్టుగా ఉండేది. అక్కడ కంప్యూటర్లు మార్చినప్పుడు, కొత్త ప్రోగ్రామ్ నేర్చుకోవడానికి బద్ధకించి, పాతదానితోనే ఆర్నెల్లు కుస్తీ పట్టి నడిపించింది. బద్ధకం ఒక మనిషిని ఇంత కష్టజీవిని చేయడం నేను మరెక్కడా చూడలేదు.

ఆమె లాప్‌టాప్ ముట్టుకునే హక్కు నాకు లేదు. ఒకసారి సాయం చేద్దామని 'అప్‌డేట్' నొక్కాను. అందులో ఆమె బతికించి పెట్టిన పాత ప్రోగ్రాములు మళ్ళీ చచ్చాయి; మర్నాడు వాటి తాలూకు ముగ్గురు దుకాణదారులు ఇంటికొచ్చారు. వదిన నన్ను మంచినీళ్ళు తెమ్మని పిలిచి, "ఇడుగో, మా మరిది. ఈయనే" అని పరిచయం చేసింది.

బూట్ల దుకాణానికి వస్తే, అది కాళ్ళు హెచ్చుతగ్గులుగా ఉన్నవాళ్ళకు బూట్లు కుట్టే చోటు. పదకొండు వందల మంది పాదాల కొలతలు ఒకే ప్రోగ్రామ్‌లో ఉన్నాయి. దాన్ని ముప్ఫై ఏళ్ళ కిందట రాసింది పెద్దాయన బావమరిది. ఆ వారం పాత కంప్యూటర్ కన్నుమూసింది. కొత్తదానిలో ప్రోగ్రామ్ తెరుచుకోనంది. వేరే ఊళ్ళో ఉన్న ఒక నర్సుకు ఒక కాలు ఇంచున్నర పొట్టి. ఉన్న జత తెగిపోయింది. సోమవారం కొత్త ఆసుపత్రిలో చేరాలి, రోజంతా నిలబడే ఉద్యోగం. ఆమె కొలతలు ఆ ప్రోగ్రామ్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. వదిన బల్ల కింద దూరినది గురువారం.

"మీ బావమరిదిని అడగలేకపోయారా, బాబాయ్ గారూ?"

"అడిగానమ్మా. 'నేను రాశానా? నేనా?' అని నన్నే అడిగాడు. ఇప్పుడు తేనెటీగలు పెంచుకుంటున్నాడు."

"ఈగలైనా గుర్తున్నాయా?"

"కుడతాయి కదమ్మా, గుర్తుంటాయి."

వదిన కొత్త కంప్యూటర్ లోపలే, ఇంట్లో వాటా వేసినట్టు, ఒక ఉత్తుత్తి పాత కంప్యూటర్‌ను అమర్చింది. చచ్చినదాని డిస్కులోంచి ప్రోగ్రామ్‌ను తెచ్చి అందులో కాపురం పెట్టించింది. అది లేచింది. లేచి, నర్సు ఇంకా పుట్టలేదంది.

"పుట్టలేదా! కిందటేడు నా ముందు కూర్చుని కాఫీ తాగిందే!"

ప్రోగ్రామ్‌కు ఏడాదిలో చివరి రెండంకెలే తెలుసు. మనది వందేళ్ళ కిందటి సంవత్సరమనుకుంది; ఆ లెక్కన నర్సు పుట్టిన తేదీ ఇంకా రాలేదు. పాత కంప్యూటర్లో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చి, అది రోజూ తొంభైతొమ్మిదిలోనే నిద్ర లేచేదని అప్పుడు బయటపడింది. వదిన ఆ వాటాలో గడియారాన్ని తొంభైతొమ్మిదికి తిప్పింది. నర్సు పుట్టింది, పెరిగింది, పాదాలు తెర మీదికొచ్చాయి. పెద్దాయన తప్పిపోయిన చుట్టాన్ని చూసినట్టు, "అదిగో, అదే కాలు!" అని అరిచి, కళ్ళజోడు కూడా పెట్టుకుని తోలు కత్తిరించడానికి కూర్చున్నాడు.

సోమవారం మధ్యాహ్నం నర్సు పెద్దాయనకు ఫోన్ చేసింది. "నిలబడే మాట్లాడుతున్నానండీ" అంది.

మంగళవారం పెద్దాయన వదినకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, కొత్త కంప్యూటర్ ఏదడిగినా 'దయచేసి మీరు' అంటుంది. నువ్వు పెట్టింది మాత్రం, మా బావమరిది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టినట్టే, 'బావా, తప్పు కొట్టావు, మళ్ళీ కొట్టు' అంటోంది. కొత్తింట్లోకి వచ్చాకైనా దానికి కాస్త మర్యాద నేర్పకూడదూ?"

"ముప్ఫై ఏళ్ళ చుట్టరికం బాబాయ్ గారూ, ఇప్పుడు 'మీరు' అందంటే అలిగిందనుకుంటారు."