తోటకు తిరిగొచ్చిన గుర్రపుడెక్క

తాడేపల్లిగూడెంలో మా అద్దె ఇంటికీ రైసుమిల్లుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. మిల్లు ఆడుతున్నంతసేపూ మా ఇంట్లో మంచినీళ్ళ చెంబు కూడా వణుకుతూనే ఉంటుంది. నేను హైస్కూల్లో డ్రాయింగు మాష్టర్ని. అసలే ముక్కుమీద కోపం, దానికి తోడు ఏడాది పొడుగునా పిల్లల గోల. వేసవి సెలవులు ఇచ్చాక బడి గోల ఆగింది గాని మిల్లుకు సెలవులు లేవు. ఇలాగే ఇంకో వారం ఉంటే నేనెవరినైనా కొట్టినా కొడతానని మా ఆవిడ భయపడింది. ఏలూరులో మునిసిపాలిటీ వారి తోట ఒకటుందనీ, ఊరు ఎంత సందడిగా ఉన్నా తోట గేటు దాటితే ఆకు రాలిన చప్పుడు కూడా వినిపిస్తుందనీ, ఒక్క రోజు అక్కడ కూర్చుని బొమ్మలేసుకుని రమ్మనీ ఆవిడే చెప్పింది. కాగితాలు, పెన్సిళ్ళు, ఒక గొడుగు పట్టుకుని నేను బయల్దేరడానికి కారణం ఇంతే.

గూడెం నుంచి ఏలూరుకు పొద్దున పాసింజరే మంచిది. మెయిలు త్వరగా చేరుస్తుంది గాని అందులో మూడో తరగతిలో నిలబడడానికి కూడా చోటు దొరకదు. పాసింజరు ప్రతి స్టేషనులోనూ ఆగుతూ, ఎండ ముదరకముందే ఏలూరులో దింపుతుంది. టిక్కెట్టు ఎనిమిదణాల లోపే. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. దూరంగా దక్షిణాన కొల్లేటి వైపు ఆకాశం తెల్లగా మెరుస్తూ ఉంటుంది, పక్షులు బారులుగా అటే పోతుంటాయి. నేను వెళ్ళిన రోజుల్లో కాలువలు కట్టేసి ఉన్నాయి. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేస్తారు కదా. చేలన్నీ నెర్రెలు విచ్చి ఉన్నాయి.

భీమడోలులో ఒక జంట మా పెట్టెలోకి ఎక్కి నా ఎదుట కూర్చున్నారు. మగమనిషికి యాభై దాటి ఉంటాయి, ఎండకు నల్లబడిన ఒళ్ళు, మోకాళ్ళ దాకా పంచె. ఆవిడ ఒళ్ళో తడిగుడ్డ కప్పిన మట్టికుండ ఉంది. రైలు కుదిపినప్పుడల్లా రెండు చేతులతో దాన్ని పొదివి పట్టుకుంటోంది. చేపల కుండేమో, ఇక వాసన భరించాలి కాబోలు అని నేను మొహం చిట్లించుకుని కిటికీ వైపు తిరిగాను. వాసనేమీ రాలేదు. కాసేపటికి ఆయనే నన్ను పలకరించాడు.

"ఏవండీ, ఏలూరులో తోటకి ఎటెల్లాలండి? కొలనుంటాది చూడండి, ఆ తోటండి."

నేనూ అక్కడికేనన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను, ఒంటరిగా కూర్చోవాలని కదా వెళుతున్నది. కాని అప్పటికే ఆయన ముఖం విప్పారింది. పేరు గంగయ్యట, ఆవిడ నరసమ్మ. కొల్లేటి లంక ఊరివాళ్ళు, చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. తెల్లారకముందే లేచి, దోనెలో గట్టుకు చేరి, అక్కడినుంచి నడిచి భీమడోలు వచ్చారు. కుండలో ఏముందని అడిగితే ఆవిడ తడిగుడ్డ కొంచెం ఎత్తి చూపించింది. నీళ్ళలో గుండ్రటి ఆకులతో ఒక మొక్క తేలుతోంది. ఆకు కాడలు బుడగల్లా ఉబ్బి ఉన్నాయి. మధ్యలోంచి ఒకే ఒక్క పూలగుత్తి లేచింది. లేత నీలం, పై రేకు మీద మాత్రం నెమలికన్నులా ముదురు నీలపు మచ్చ, దాని మధ్య పసుపుచుక్క. రంగులతో బతికేవాణ్ణి కనక ముందు ఆ రంగులే చూశాను. తర్వాత గుర్తుపట్టాను. గుర్రపుడెక్క. ఇప్పుడు మన కాలువల్నీ చెరువుల్నీ కమ్మేస్తున్న పీడ అదే.

ఏలూరు స్టేషను బయట హోటల్లో ఇడ్లీ, కాఫీ బాగానే ఉంటాయి. వాళ్ళు లోపలికి రాలేదు, అన్నం మూట ఉందని చెట్టుకింద కూర్చున్నారు. తర్వాత ముగ్గురం ఒకే జట్కా ఎక్కాం. తోటకు మనిషికి అణా అడుగుతారు, అంతకుమించి ఇవ్వక్కర్లేదు. దారంతా గోనెసంచుల బళ్ళు, తివాచీలు మోసుకుపోయే కూలీలు, సోడా కొట్ల కేకలు. గంగయ్య ఆ గోలలోనే, నా చెవి దగ్గరకు వంగి, తమ సంగతంతా చెప్పాడు. జట్కావాడు కూడా గుర్రాన్ని అదిలించడం మానేసి విన్నాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, మంగ. చిన్నప్పుడు దానికి జబ్బు చేస్తే ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు. మందిచ్చేదాకా ఎండలో ఎక్కడుంటారని ఎవరో ఈ తోట చూపించారు. కొలనులో ఈ పువ్వు చూసి పిల్ల కదల్లేదట. తోటమాలి దాని ఆశ చూసి ఒక మొక్క తీసి చేతిలో పెట్టాడు. అప్పటికి జబ్బు తగ్గింది. ఇంటిముందు కుండలో మొక్క పెట్టుకుని పిల్ల నాలుగేళ్ళు దాన్ని పెంచింది. ఒక వానాకాలం జ్వరం తగిలి, దోనె గట్టుకు చేరకముందే పోయింది. ఆ మరుసటి వరదకు కుండ ఒరిగి, పిలకలు నీళ్ళలో పడ్డాయి. మూడేళ్ళు తిరక్కుండా ఊరి దోనెబాట మూసుకుపోయింది. లంకకూ గట్టుకూ మధ్య రాకపోకలన్నీ ఆ నీటిదారినే జరగాలి.

"మొన్న మాఘమాసంలోనండి," అని గంగయ్య ఆగాడు. భార్య వినకుండా చెప్పాలనుకున్నాడు గాని ఆవిడ పక్కనే ఉంది. "మా పక్కింటి కోడలికి నొప్పులొత్తే దోనె ఎక్కించామండి. బాట మజ్జన ఇరుక్కుపోయిందండి. అందరం దిగి ఆ ఆకు లాగుతానే ఉన్నామండి. తల్లి దక్కిందండి, బిడ్డ దక్కలేదు."

ఊరి పెద్దలు కూర్చుని కట్టుబాటు చేశారు. ఇంటికి ఒకరు చొప్పున దిగి బాటంతా పీకాలి, గట్టున ఎండబెట్టి కాల్చాలి, కాలువలు వదిలి కొత్తనీరు వచ్చేలోగా ఊళ్ళో ఒక్క మొక్క మిగలకూడదు, కుండలో కూడా. నరసమ్మ రోజూ అందరికంటే ముందు దిగి, అందరికంటే ఆఖర్న ఒడ్డెక్కింది. కాని తన గుమ్మంలోని కుండను మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఆ ఊరిలో వల ఉమ్మడి వల, పట్టిన చేప ఉమ్మడి. కుండ ఉన్నన్నాళ్ళూ గంగయ్య ఆ వల మీద చెయ్యి వేయకూడదన్నారు, అంతే. రెండు నెలలుగా ఆయన ఒడ్డున కూర్చుని చూస్తున్నాడు. చివరికి ఆయనకే ఒక ఉపాయం తోచింది. మొక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే ఇచ్చేస్తే? రాతికట్టు కొలనులోంచి అది ఎక్కడికీ పోయే వీల్లేదనుకున్నాడు. నరసమ్మ ఏడాదికోసారి వచ్చి చూసుకోవచ్చు. ఆ ఆశతోనే కుండ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ బయల్దేరింది.

మా ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. గేటు దాటి ఈతచెట్ల వరస మలుపు తిరిగేసరికి బజారు గోల తెగిపోయింది. మీరూ ఆ మలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. పెద్ద నిద్రగన్నేరు చెట్లు రెండు వైపులనుంచీ కలిసి నీడపట్టాయి. ప్రతి చెట్టుకూ రేకుబిళ్ళ మీద ఇంగ్లీషులో పేరు రాసి తగిలించారు. దాల్చినచెక్క చెట్టు, కర్పూరం చెట్టు, ఎక్కడో సముద్రాల అవతలినుంచి తెచ్చిన తాళజాతులు, తడిక పందిరికింద చల్లగా నాచుమొక్కలు. ఇంకో రోజైతే ఒక్కో చెట్టు దగ్గరా ఒక్కో గంట కూర్చునేవాణ్ణి. ఆ రోజు ఆవిడ అడుగులు కొలను వైపు పడుతుంటే నేనూ వెనకే నడిచాను. రాతిమెట్ల కొలను నిండా నీళ్ళున్నాయి. నీళ్ళమీద ఒక్క ఆకు లేదు.

తోటమాలి మస్తాన్ చెట్టుమొదట్లో ఆకులు ఊడుస్తున్నాడు. గడ్డం నెరిసిన మనిషి. కుండలోకి తొంగిచూడగానే చీపురు కింద పెట్టేశాడు. ఈ కొలను పొంగినప్పుడు నీళ్ళు తూములోంచి పంటబోదెలోకి పోతాయనీ, వాటితోపాటు మొక్కలూ పోయి చేలకు నీరందకుండా అడ్డం పడ్డాయనీ, రైతులు మొరపెట్టుకుంటే పైవాళ్ళు మొక్కన్నది మిగలకుండా తీయించారనీ చెప్పాడు. మళ్ళీ వేస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. నరసమ్మ ఒక్క మూలకైనా చాలంది. ఒక తొట్టిలోనైనా పెట్టమంది. ఆయన తల అడ్డంగా ఊపుతూ నేలచూపులు చూశాడు. దోనె ఇరుక్కుని పక్కింటి బిడ్డ పోయిన సంగతి గంగయ్య చెప్పేసరికి ఆయన మెట్లమీద చతికిలబడ్డాడు.

"నేనే ఇచ్చానమ్మా," అన్నాడు. "చాలామందికి ఇచ్చాను. పిల్లలు చెయ్యి చాపితే కాదనలేను."

"మీరియ్యకపోతే మా పిల్ల ఏడ్చేదండి," అంది నరసమ్మ. "మీ తప్పేముందండి."

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. నేను వెతుక్కుంటూ వచ్చిన నిశ్శబ్దం అదే, కాని దాన్ని భరించడం నా వల్ల కాలేదు. సంచిలోంచి కాగితం, రంగు పెన్సిళ్ళు తీశాను. ఆ పువ్వును ఉన్నదున్నట్టు వేసి ఇస్తాననీ, గోడకు పెట్టుకోవచ్చనీ చెప్పాను. ఇన్నేళ్ళలో నా విద్య ఒకరి కడుపుకోతకు అక్కరకొస్తుందని నిజంగా అనుకున్నాను. ఆవిడ నా కాగితం వంక చూసింది.

"వద్దండి మాష్టారండీ. బొమ్మయితే ఎప్పటికీ వాడదండి. మళ్ళీ దాన్ని పట్టుకునే కూకుంటానండి."

కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

ఆవిడ మెట్టుమీద కూర్చుని మొక్కను కుండలోంచి పైకి తీసింది. నల్లటి వేళ్ళు తడిసిన జుట్టులా వేలాడాయి. వాటిని చేత్తో పిండింది. పువ్వును తుంచి కొంగున ముడేసుకుంది. తర్వాత ఉబ్బిన కాడ ఒకటి విరిచి, రెండు వేళ్ళమధ్య పెట్టి నొక్కింది. టప్పుమని చిన్న చప్పుడయింది. గంగయ్య ఉలిక్కిపడి చూశాడు. మంగకు ఆ బుడగలు పగలగొట్టడం సరదాట. మొక్క చచ్చిపోతుందని తల్లి కసిరేది. పిల్ల పోయాక ఎవరినీ వాటి జోలికి రానివ్వలేదు. ఇంకోటి విరిచి గంగయ్య చేతిలో పెట్టింది. ఆయన నొక్కాడు. ఆ చప్పుడు వినగానే, రెండు నెలలుగా బిగబట్టుకున్న మనిషి, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మస్తాన్‌కు ఒకటి ఇచ్చింది. చివరిది నాకు చాపింది.

"మీరూ ఒకటి నొక్కండి. దానికి అందరూ నొక్కితే ఇట్టమండి."

నొక్కాను. ఏడాదంతా చప్పుడంటే మండిపడే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మిగిలిన మొక్కను మస్తాన్ ఆకులు తగలేసే గుంటలో వేశాడు. పచ్చిది కనక వెంటనే అంటుకోలేదు. అది పూర్తిగా కాలేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. నేను గొడుగు పట్టాను. కుండను నరసమ్మ బోర్లించి పట్టుకుంది, ఊళ్ళో చూపించాలి కదా.

సాయంత్రం పాసింజరులో కలిసే తిరిగొచ్చాం. భీమడోలులో వాళ్ళకోసం లంకనుంచి ఒక యువకుడు ఎదురొచ్చి నిలబడ్డాడు. మాఘమాసంలో పోయిన ఆ బిడ్డకు అతనే తండ్రని గంగయ్య గొంతు తగ్గించి చెప్పాడు. నరసమ్మ దిగి కుండ అతని చేతికిచ్చింది. అతను లోపలికి చూడలేదు. దాన్ని భుజానికెత్తుకుని, "తెల్లారి వలకి రా బాబాయ్," అన్నాడు గంగయ్యతో. రైలు కదిలింది. ముగ్గురూ గట్టు వైపు నడుస్తూ కనిపించినంతసేపూ చూశాను.

ప్రశాంతత కోసం తోటకు వెళ్ళి బొమ్మ ఒక్కటైనా వేయకుండా తిరిగొచ్చాను. ఇంటికొచ్చేసరికి మిల్లు ఆడుతూనే ఉంది. తోట ఎలా ఉందని మా ఆవిడ అడిగింది, బాగుందన్నాను. అందమైనదాన్ని చూస్తే ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది, అందులో పాపమేమీ లేదు. ఒక పిల్ల నాలుగేళ్ళ సంతోషం, ఇంకో తల్లికి బిడ్డ దక్కకుండా పోవడం, రెండూ ఒకే కుండలోంచి వచ్చాయి. దీనికి ఎవరిని తప్పుపట్టాలో నాకిప్పటికీ తెలియదు. నరసమ్మ మాత్రం ఎవరినీ తప్పుపట్టలేదు.

మీరు వెళితే ఎండ ఎక్కకముందే కొలను మెట్లమీద తూర్పువైపు కూర్చోండి, మధ్యాహ్నం దాకా నీడ కదలదు. కాలువలు కట్టేసిన రోజుల్లో తోట బావినీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగడానికి వెంట తెచ్చుకోండి. మొక్కలు కళ్ళారా చూడండి, వాటి పేర్లు అడగండి, ఆ పెద్దాయన ఓపిగ్గా చెబుతాడు. పిలకలు మాత్రం అడగకండి. ఆయన కాదనలేడు.