రేగడి అంటిన కాళ్లు

మైదుకూరులో బట్టల అంగడి నడిపే నా స్నేహితుడికి చక్కెర జబ్బు కళ్లకు దిగింది. వయసులో పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది వేసవి దాకా నిలిస్తే గొప్పేనని కడప డాక్టరు చెప్పాడు. అది విన్న వారంలోనే ఆయన నన్ను ఒక్కటే అడిగాడు, చూపుండగా పసుపు కాళ్ల ఉల్లంకిని చూపించమని.

చెరువు అంచున బురదలో ముక్కుతో పొడుచుకుంటూ పరుగెత్తే పిట్టలు ఉల్లంకులు. వాటిలో పిచ్చుకంతవి రెండు రకాలు చలికాలంలో మా వైపు వస్తాయి. గుప్పెడు శనక్కాయల బరువు కూడా ఉండవు, ఉత్తర ధ్రువం దాపు నుంచి ఎగిరి వస్తాయి. పదో తరగతితో బడి మానేసిన నేను ఇదంతా గ్రంథాలయంలో కూర్చుని, ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కున్నాను. ఒక రకానికి నల్ల కాళ్లు, ఇంకో రకానికి పసుపు కాళ్లు. వీపు మచ్చల్లోనూ తేడా ఉంటుందని రాశారు గానీ, నాకు కాళ్ల గుర్తే తేలికనిపించింది. ఏటా ఆయన బైనాక్యులర్‌తో ఇద్దరం చెరువుకు పోయేవాళ్లం. ఎప్పుడు చూసినా నల్ల కాళ్లే. పుస్తకం ఏమన్నా, పసుపుది మన సీమకు రాదని నేనే తేల్చేశాను.

ఆయన అడిగాక మళ్లీ పోయిన రోజు చెరువు సగం ఎండి ఉంది. ఒక పిట్ట మాకు దగ్గరగా బురదలో తిరుగుతోంది.

"కాళ్లు ఏం రంగప్పా?"

"నలుపే అన్నా."

"నీ పుస్తకమన్నా అబద్ధం చెప్తాండాది, లేకుంటే నువ్వన్నా చెప్తాండావు," అని నవ్వాడు.

అంతలో పిట్ట తేట నీళ్లున్న గుంటలో దిగింది. అవతల ఎక్కేసరికి కాళ్లు లేత పసుపు. ఇన్నాళ్లూ నేను చూసింది నల్లరేగడి బురదను. పుస్తకం రాసినవాళ్లు మా చెరువులో దిగలేదు. నేను దిగాను, మోకాళ్ల దాకా నల్లగా ఇంటికి పోయాను, అయినా తట్టలేదు.

"అన్నా, పసుపే! ఆ రాయి పక్కన!" బైనాక్యులర్ ఆయన కంటికి ఆనించి, భుజాలు పట్టి అటు తిప్పాను.

ఆయన చాలాసేపు చూశాడు.

"నీళ్లు మెరుస్తాండాయి. అంతే."

పిట్ట లేచిపోయింది.

"ఏమప్పా, నా కండ్లు బాగున్నప్పుడు శానా చూసినాం గదా. వాటిల్లో ఇది ఉండిందా?"

ఉండే ఉంటుంది అనబోయాను. ఏ పిట్ట వీపూ నాకు గుర్తు లేదు.

"తెలీదన్నా."

ఆయన బైనాక్యులర్ మెడలోంచి తీసి నాకిచ్చాడు.

"పోదాం పా. బండి యాడ పెట్టినావు?"

బండి ఎదురుగానే, కట్ట మీద ఉంది.