నేను జతకలిపిన మెంటర్లు

మొన్న నేను పనిచేసి రిటైరైన యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త లెక్చరర్లకు పరిశోధనలో దారి చూపే పథకం ఇక్కడ మొదలుపెట్టింది మీరే కదా, వచ్చి నాలుగు మాటలు చెప్పండని మర్యాదగానే అడిగారు. ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను.

నా ఈడు వాళ్లకు తెలియంది కాదు, మన రోజుల్లో పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పే నాథుడు లేడు, గైడు గారింటికి గ్యాస్ సిలిండర్లు మోసి నేర్చుకున్నదే ఎక్కువ. తర్వాతి వాళ్లకైనా ఆ అవస్థ తప్పాలని వైస్ చాన్సలర్ చుట్టూ ఏడాది తిరిగి, ప్రతి జూనియర్‌కూ ఒక సీనియర్‌ను మెంటర్‌గా వేయించాను. తీరా జాబితా రాసేటప్పుడు, పెద్దలెవరూ నొచ్చుకోకూడదని సీనియారిటీ లిస్టు ముందు పెట్టుకుని, పెళ్లి పంక్తిలో విస్తళ్లు వేసినట్టు పైనుంచి కిందికి జతలు కట్టుకుంటూ పోయాను. అలా నా దగ్గరే ఎమ్మెస్సీ చదివి లెక్చరర్‌గా చేరిన, బెంగళూరు పక్క దొడ్డబళ్ళాపురం అమ్మాయి మా డిపార్ట్‌మెంట్ హెడ్ పాలబడింది. ఆయన హాస్టల్ రోజుల నుంచీ నా స్నేహితుడు. ఆమె ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే సంతకం పెట్టాల్సిందీ ఆయనే.

ఆమెది మగ్గాల ఇల్లు. పట్టుకు రంగులద్దే షెడ్ల చుట్టూ తిరిగి, ఆ రంగులు ఇంకిన బోరునీళ్లు సీసాల్లో పట్టి, మూడేళ్లు పరీక్షించి వ్యాసం రాసి మెంటర్ చేతిలో పెట్టింది. అచ్చయి వచ్చిన దాంట్లో మొదట ఆయన పేరు, పక్కన ఆయన అల్లుడి పేరు ఉన్నాయి. ఆమె పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది. సొంత పేరుతో వ్యాసం లేనిదే పీహెచ్‌డీ రాదు. ఏడవకుండా నా గదికొచ్చి నిలబడింది.

“సార్, ఆ నీళ్లు నేనే పట్టినా. ఏ బోరులో ఏ రంగు ఉండాదో నన్నూ అడగండి, ఆ సార్నూ అడగండి. ఎవురు చెప్తారో చూడండి.”

పథకం నాది, అడిగే హక్కూ నాదే, కానీ అడగలేదు. స్నేహం చెడుతుందనీ, కష్టపడి నిలబెట్టిన పథకం అల్లరవుతుందనీ భయపడ్డాను. పర్మనెంట్ అయ్యేదాకా నోరు విప్పొద్దమ్మా అని చెప్పి పంపేశాను, ఆ నెల ఫారం మీద మెంటరింగ్ తృప్తికరంగా సాగుతోందని సంతకం కూడా పెట్టాను. ఆమె పర్మనెంట్ అయింది. మళ్లీ సీసా పట్టుకుని బయల్దేరలేదు, పీహెచ్‌డీ ఊసెత్తలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. మెంటర్‌ను జూనియర్లే ఎంచుకోవచ్చట, ఫిర్యాదు వినడానికి కమిటీ ఉందట. పీహెచ్‌డీ లేకపోయినా, సీనియర్ కాబట్టి ఆమే ఇప్పుడొక మెంటర్. మా మేడ మీద అద్దెకున్న కొత్త లెక్చరరమ్మ ఆమె దగ్గరే ఉంది. మేడమ్ ఎంత మంచివారో, పర్మనెంట్ అయ్యేదాకా నోరు విప్పొద్దని మొదటిరోజే ఎంత ప్రేమగా చెప్పారో నాతో మురిసిపోతూ చెప్పింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా దగ్గర ఒకరు నేర్చుకుని, పొల్లుపోకుండా మరొకరికి అందించిన పాఠం నాకు తెలిసి ఇదొక్కటే.