ఓడ డాక్టరు సూది

గోపాలు డాక్టరు మీద చాందిది పదిహేనేళ్ల కసి. ఏడేళ్లప్పుడు జ్వరమొస్తే తల్లి రూప్లి ఆమెను జూలూరుపాడులో ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. సూది వెయ్యని డాక్టరు తండావాళ్ల లెక్కలో డాక్టరే కాదు. ఆయన తుంటి మీద పొడిచాడు, పిల్ల కెవ్వుమంది. ఆ రోజు నుంచి కుడిపాదం పైకి లేవదు. నరం దెబ్బతిందని ఖమ్మంలో పెద్ద డాక్టర్లు చెప్పారు. గోపాలు మాత్రం "జొరం నరాలకెక్కింది, నా సూదికేం సంబంధం?" అన్నాడు. ఆ మాట చాంది మరిచిపోతే ఒట్టు! నేనే పొడిచానని ఆయన నోటితోనే అనిపించాలి, అంతే.

ఇప్పుడామె కొత్తగూడెంలో ఫ్లెక్సీల షాపులో డిజైనర్. యానిమేలని జపాను బొమ్మల సినిమాలు చూసి చూసి తనే ఒకటి మొదలుపెట్టి ఫోన్లలోకి వదిలింది. చుక్కల మధ్య తిరిగే ఓడ, అందులో ఒక తిక్క డాక్టరు. అచ్చం గోపాలు మీసాలు, గోపాలు మఫ్లర్. దగ్గొచ్చినా, చెయ్యి విరిగినా ఒకటే సూది. ఇంజిను మొరాయిస్తే దానికీ అదే సూది! పరువు తీద్దామని గీస్తే జనం పడీ పడీ నవ్వి ఆ డాక్టర్ని నెత్తిన పెట్టుకున్నారు. చాందికి ఒళ్లు మండిపోయింది.

అది చాలదన్నట్టు గోపాలే షాపుకొచ్చాడు, ముఖం చాటంత చేసుకుని.

"ఏం బిడ్డా, నన్ను మస్తు ఫేమస్ చేసినవ్! గా బొమ్మతోనే నా దవాఖానకు ఫ్లెక్సీ కావాలె. ఎనక పేషెంట్ల లైన్ గూడ పెట్టు."

"అవ్ సార్, పెడత," అంది చాంది పళ్లు బిగబట్టి.

గోపాలు సూది పడ్డాక కాలు పడిపోయిన పిల్లలు ఇంకెవరని తల్లిని అడిగితే నలుగురి పేర్లు చెప్పింది. ఎవరికి వారు జ్వరం వల్లేననుకుని ఊరుకున్నవాళ్లే. ఫ్లెక్సీ మీద ముందు తనను, వెనక ఆ నలుగురినీ లైన్లో గీసింది. అందరికీ ఒక పాదం వేలాడుతోంది.

గోపాలు కొబ్బరికాయ కొట్టి మరీ దవాఖాన ముందు ఫ్లెక్సీ కట్టించాడు. దాన్ని తెచ్చిన చాంది ఓ పక్కన నిలబడి చూస్తోంది. తన మీసాలు చూసుకుని మురిసిపోయాడే గానీ వెనక లైను చూస్తే కదా!

"గిదేందే, మన హీరాలాల్ కాలు గాదూ?" అంది ఒకామె. మిగతావాళ్లూ ఒక్కొక్క బొమ్మనూ గుర్తుపట్టారు. సూది కోసం కూర్చున్న తల్లులు పిల్లలను చంకనేసుకుని లేచిపోయారు.

అప్పుడు తలెత్తాడు గోపాలు. "నా మీద ఏం పగే నీకు?"

చాంది కాలీడ్చుకుంటూ ముందుకొచ్చింది. "గా మొదటి పిల్ల నేనే సార్, రూప్లి బిడ్డను. ఎవరు పొడిచిండ్రో చెప్పుండ్రి."

ఆయన జనం వంక చూశాడు, ఆమె కాలు వంక చూశాడు. "నేనే ఏసిన గావచ్చు బిడ్డా. చాన మందికి ఏసిన. నువ్వు యాదికి లేవు."

పదిహేనేళ్లలో ఆమె ఆయన్ను మరిచిన రోజు లేదు. ఆయనకసలు గుర్తే లేదు!

"ఇగనించి యాదికుంటలే సార్. గీ ఫ్లెక్సీ దించితే ఇంకోటి కడత," అని చాంది ఆటో ఎక్కింది.