టెంక చెట్టు కాయలు తొమ్మిది

1984 ఏప్రిల్ నెలాఖరున హెడ్ కానిస్టేబులుగా ప్రమోషన్ ఇచ్చి నన్ను నూజివీడు చుట్టుపక్కల ఒక స్టేషన్‌కు వేశారు. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ ట్రైనింగులో నేర్పిన సెక్షన్లు ఇప్పటికీ ఒక్కటి మర్చిపోలేదు. ఎస్సై గారు బయటికి వెళ్తే స్టేషన్‌కు హెడ్డే పెద్ద. ఫిర్యాదు తీసుకుని ఎఫ్.ఐ.ఆర్. రాయాల్సింది అతనే. ఈ సంగతి జరిగిన రోజున ఆ కుర్చీలో నేనున్నాను.

బయటివాళ్ళకు దొంగతనం అంటే ఒకటే మాట. మాకు అందులో చాలా రకాలు. ఇంట్లో సొత్తు పోతే 380, ఆరుబయట పోతే 379. నౌకరు యజమాని సొత్తు తీస్తే 381. నమ్మినవాడు చేసిన పని కాబట్టి దానికి 379 కన్నా శిక్ష ఎక్కువ, ఏడేళ్ళ దాకా పడొచ్చు. దొంగ సొత్తని తెలిసీ కొన్నవాడికి 411. మామిడి తోటల దగ్గర ఇంకో తమాషా ఉంది. కాయ చెట్టున ఉన్నంతసేపూ చట్టం లెక్కలో అది నేలతో పాటే, దాన్ని ఎవడూ దొంగిలించలేడు. ముచ్చిక తెగిన క్షణం నుంచే అది దొంగ సొత్తు అవుతుంది.

మే నెల మొదట్లో ఒక సాయంత్రం సుబ్బారావు గారని నూజివీడు మామిడి వ్యాపారి స్టేషన్‌కు వచ్చారు. ఆగిరిపల్లి వైపు ఒక తోట కాపును ఆ ఏడే కొన్నారు. మిట్టమధ్యాహ్నం కాపలా మనిషి అన్నానికి ఇంటికి వెళ్ళొచ్చేలోగా రెండు బండ్ల రసాలు కోసుకుపోయారట. అనుమానం ఎవరి మీదని అడిగాను.

"ఇంకెవడండీ, మా కాపలా నాంచారయ్యే. ఏ కొమ్మకి ఎన్ని కాయలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. వాడు చెప్పకపోతే బయటోడికి ఆ దారెట్టా తెలుస్తుంది?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. 381 కింద ఎఫ్.ఐ.ఆర్. కట్టి నాంచారయ్య పేరు అనుమానితుడిగా రాశాను. యాభై దాటిన మనిషి, తండ్రి నాటి నుంచీ ఆ తోటలోనే కాపలా. రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషన్ వరండాలో కూర్చోబెట్టి ఒప్పుకోమని కసిరాను. అతను మాత్రం, "కేసు పడితే నన్నింక ఏ తోట గుమ్మమూ తొక్కనివ్వరండీ. నాకు ఇంకో పని రాదు" అన్నాడంతే. దొరికిన ప్రతివాడూ ఇలాగే అంటాడని నేను చెవిన పెట్టలేదు.

మూడో రోజు ఒక టీ కొట్టాయన ఉప్పందించాడు. కొమ్మలు కప్పిన రెండు బండ్లు హనుమాన్ జంక్షన్ దారిన పోయాయన్నాడు. ఎస్సై గారూ నేనూ ఆ జాడ పట్టుకుని పోతే బాపులపాడు దగ్గర ఒక షెడ్డులో వరిగడ్డి పరిచి మాగవేసిన రసాలు కనబడ్డాయి. షెడ్డు ఆసామి నోట్లో బీడీ కూడా తీయకుండానే నవ్వాడు.

"మా బావమరిది తోటవండీ ఇయ్యి. కాయ మీద పేరు రాసుందా హెడ్డుగారూ? ఉంటే చదవండి, నేనూ వింటాను."

అతను వెటకారంగా అన్నా అందులో చిక్కుంది. నగో బిందో అయితే నొక్కో అతుకో చూసి సొంతదారు గుర్తుపడతాడు. మామిడికాయను ఏం గుర్తుపడతాం? సొత్తు ఫలానావారిదని తేలకపోతే కోర్టులో 411 నిలబడదు. కొన్నవాడు జారిపోతే దొంగల జాడా పోతుంది, నాంచారయ్య మీద అనుమానం మాత్రం మిగిలిపోతుంది. పైగా కాయ వాయిదాల దాకా ఆగదు, వారంలో కుళ్ళిపోతుంది.

ఎస్సై గారు కుర్రాయనే గానీ పద్ధతి మనిషి. నగలకు చేసినట్టే కాయలకూ గుర్తింపు పెడదామన్నారు. అంటే, దొరికిన సొత్తును అలాంటి వేరే వస్తువుల్లో కలిపి, మధ్యవర్తుల ఎదుట ఏది తనదో సొంతదారు చేత తీయించడం. షెడ్డులో పట్టుకున్నవాటిలోంచి తీసిన కాయలు యాభై, మార్కెట్టు నుంచి తెచ్చిన రసాలు యాభై. అన్నీ కలిపి స్టేషన్ ఆవరణలో గోనె పట్టా మీద వరసలు పేర్చి, ఒక్కో కాయ కింద నంబరు చీటీ పెట్టాం. ఏ నంబరు ఎక్కడిదో రాసిన కాగితం ఎస్సై గారి జేబులో ఉంది. మధ్యవర్తులుగా ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

ముందు సుబ్బారావు గారిని పిలిచాం. ఇరవై కాయలు ధీమాగా తీశారు. అందులో సగం మార్కెట్టువే. ఆ రోజూ నాంచారయ్యను పిలిపించి వరండాలో కూర్చోబెట్టాం. అప్పుడతను లేచి, "ఒక్కసారి నన్ను చూడనిస్తారా అయ్యా?" అన్నాడు. సుబ్బారావు గారు, "దొంగ చేత గుర్తుపట్టిస్తారేంటండీ!" అని కస్సుమన్నారు. ఇంకా అరెస్టు చేయలేదుగా, చూడనివ్వండి అన్నారు ఎస్సై గారు.

అతను పట్టా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో కాయనూ తీసి ముచ్చిక దగ్గర వాసన చూశాడు. బొటనవేలితో కాయ భుజం మీద నిమిరి మళ్ళీ దాని చోటే పెట్టాడు. చాలా కాయల దగ్గర కళ్ళు మూసుకునే ఉన్నాడు. నూరు కాయలూ అయ్యేసరికి తొమ్మిదింటిని పక్కకు తీశాడు.

"మిగతావి నేను చెప్పలేనండీ. అంటు చెట్ల కాయలు ఏ తోటలోవైనా ఒకేలా ఉంటాయి. ఈ తొమ్మిదీ మాత్రం మా టెంక చెట్టువి. మా అయ్య టెంక పాతి పెంచిన చెట్టది. టెంకతో మొలిచిన చెట్టు దేని కాయ దానిదేనండీ, ఇంకో చెట్టుతో కలవదు."

ఎస్సై గారు జేబులోంచి కాగితం తీసి నంబర్లు చదివారు. తొమ్మిదికి తొమ్మిదీ షెడ్డులో పట్టినవే. మధ్యవర్తుల్లో పెద్దాయన తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎస్సై గారి వేళ్ళ మధ్య సిగరెట్టు బూడిదై రాలిపోయింది. ఆ తొమ్మిది కాయలనూ నేను చేతిలోకి తీసుకుని ఎన్నిసార్లు తిప్పి చూశానో! మిగతావాటికీ వాటికీ ఆవగింజంత తేడా నా కంటికి ఆనలేదు.

నాంచారయ్య ఇంకో మాట అన్నాడు. "ఈ చెట్టు ఆలస్యంగా పక్వానికి వస్తుందండీ. ఇంకో పదిహేను రోజుల దాకా మేం దాని మీద చెయ్యి వెయ్యం. ఇప్పుడు కోస్తే మాగదు, వాడిపోతుంది. తోట తెలిసినోడెవడూ ముట్టుకోడండీ."

ఎస్సై గారు నన్ను తోటకు పంపారు. దారికి దగ్గరగా ఉందా చెట్టు. తుంచేసిన ముచ్చికల దగ్గర సొన ఎండి అంటుకుని ఉంది. రెండు కాయలు కోసి తెచ్చి తొమ్మిదింటి పక్కన పెట్టాం. భుజం మీద చిన్న గుబ్బ, ముక్కు వంపు అచ్చం అవే. అప్పటికి గానీ నా కంటికి కనబడలేదు. వీటిలో ఒకటీ వాటిలో ఒకటీ కోసి చూస్తే రెండిట్లోనూ కండ తెల్లగానే ఉంది, టెంక ముదరలేదు. సుబ్బారావు గారి తోటలో కోతకొచ్చిన చెట్లు వెనక వరసల్లో నిండుగా ఉన్నాయి. దొంగలు వాటి జోలికి పోలేదు. తోటను అంతగా ఎరిగినవాడు గనక దొంగిలించాడని నేను రాశాను. అంతగా ఎరిగినవాడు గనకే అతను కాదని ఆ కాయలు చెప్పాయి. దొంగే అయితే తను తప్ప ఎవరూ పోల్చలేని కాయలను తనే ఏరి మా చేతికి ఇస్తాడా?

పంచనామా చూపించేసరికి షెడ్డు ఆసామి నవ్వు ఆగిపోయింది. ఆ పూటే తనకు అమ్మిన ఇద్దరి పేర్లు చెప్పాడు. పై ఊళ్ళ నుంచి కూలికి వచ్చినవాళ్ళు, ఆ తోటలో ఎన్నడూ పని చేయలేదు. వాళ్ళ మీద 379, ఆసామి మీద 411. నేను కట్టిన 381 కొట్టేసి సెక్షన్ మార్చామంటూ కోర్టుకు పంపాల్సిన మెమో నా చేత్తోనే రాశాను.

నాంచారయ్యను వెళ్ళమన్నాను. క్షమించమని అడగడం మా ఉద్యోగంలో అలవాటు లేదు, నేనూ అడగలేదు. సుబ్బారావు గారు తల దించుకునే, "పద, బండెక్కు. రేపు కోత ఉంది" అన్నారు. నాంచారయ్య గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"అయ్యా, ఆ కాయలు మాగబెట్టకండి, వాడిపోతాయి. ఊరగాయకీ పనికిరావు, ఒట్టి పీచు."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నౌకరు మీద కేసు ఎన్నిసార్లు వచ్చినా, 381 రాసే ముందు ఆ నౌకరునే పిలిచి పోయిన వస్తువు సంగతి అడిగేవాణ్ణి. అది ఎలాంటిది, ఎప్పుడు తీస్తే పనికొస్తుంది, దాని పక్కన ఇంకేం ఉన్నాయి అని. దొంగతనంలో ఏది పోయిందో రాసుకోవడం సగం పనే. తెలిసినవాడైతే ఏది ముట్టుకోకుండా వదిలేసేవాడో కనుక్కోవడం మిగతా సగం.