రత్నమాణిక్యం వేసిన అడవి తెర

కొవ్వూరులో నాటకాల తెరలు వేసే చిట్టియ్యకు కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతురు రత్నమాణిక్యానికే కుంచె పట్టడం నేర్పాడు. ఎరుపూ పసుపూ మనిషి మీదకి నడిచొస్తాయనీ, నీలం వెనక్కి జరుగుతుందనీ, అందుకే దూరపు కొండల్ని నీలంగా వెయ్యాలనీ చెప్పేవాడు.

"కళ్లు సగం మూసి చూడమ్మా. అప్పుడు రంగు పోయి దాని ముదురూ లేతా మిగుల్తాయి. ముదురు మీద ముదురేశావో, రెండూ కలిసిపోతాయి," అనేవాడు.

తొంభయ్యారు తుపాను వచ్చిన ఏడు, చంద్రరావు నాటక సమాజానికి తెర కడుతూ చిట్టియ్య నిచ్చెన మీంచి పడ్డాడు. నిచ్చెన సమాజానిదే. మెట్టు పుచ్చిందని అతను ముందే చెప్పాడు కూడా. చంద్రరావు ఆ సమాజానికి యజమాని, రాజు వేషం కట్టేదీ ఆయనే. తప్పు తన మీదకి రాకుండా, "తాగి ఎక్కాడండి, నేనేం చెయ్యను?" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. చిట్టియ్య చుక్క ముట్టని మనిషి. పరామర్శకొచ్చినవాళ్లు కూడా, "ఇకనైనా మానెయ్యి చిట్టియ్యా" అనేసి పోయేవారు. ఆ మాట పడుతూనే మంచంలో కన్నుమూశాడు.

కర్మకాండ అయ్యాక చంద్రరావు తెరలకు పిలిస్తే రత్నమాణిక్యం "అలాగేనండి" అంది.

"వాడికి తెరలేస్తావా? సిగ్గు లేదటే నీకు?" అని తల్లి మండిపడింది.

"ఉందమ్మా. అందుకే వేస్తున్నాను."

రాజమండ్రి పోటీల కోసం చంద్రరావు మెడ నుంచి పాదాల దాకా ముదురాకుపచ్చ వెల్వెట్ కోటు కుట్టించుకున్నాడు. తెరకి నప్పాలని చెప్పి రత్నమాణిక్యం దర్జీ దగ్గర ఆ గుడ్డ ముక్క అడిగి తెచ్చుకుంది. వెయ్యాల్సింది అడవి. జిగురు కాచి, నీలంలో పసుపు కలిపింది. మరీ వెలుగుతోందని చిటికెడు ఎరుపు పడేసి ఆ మెరుపు చంపింది. తడి రంగు మీద ముక్కని పెట్టి కళ్లు సగం మూసింది. ముక్క ఎక్కడుందో కనపడనంత వరకు కలుపుతూనే ఉంది. ఆ పైన సన్నగా ఆకులు గీసింది.

పగటి వెలుగులో దగ్గర్నుంచి చూసి చంద్రరావు మురిసిపోయాడు. "అడవిని దించేశావే మాణిక్యం!"

ఆటలో లైట్లు పడగానే ఆకుల గీతలు మాయమయ్యాయి. రాజు అడవిలో అడుగుపెట్టాడు. ఒళ్లంతా తెరలో కలిసిపోయింది. గాల్లో ఒక కిరీటం, దాని కింద మొహం, రెండు చేతులు, అంతే. "రాజుగారి మొండెమేదండీ?" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. ఎందుకో తెలియని చంద్రరావు ఇంకా జోరుగా చేతులూపాడు. నవ్వు పెరిగింది. పద్యం మధ్యలో ఆగింది. రత్నమాణిక్యం జనంలో ఒక పక్కన నిలబడి చివరిదాకా చూసింది. కడుపు చల్లబడిందనుకుంది. ఇంటికొచ్చేసరికి చాల్లేదనిపించింది.

ఆ తర్వాత ఏ సమాజమూ ఆమెను పిలవలేదు. కొట్లకి బోర్డులు రాసుకుని బతికింది. చంద్రరావుకి మాత్రం ఆ తండ్రీకూతుళ్లలా తెరలు వేసేవాళ్లు మళ్లీ దొరకలేదు. కొన్నేళ్లకి తనే వచ్చాడు.

"అప్పుడు కావాలనే చేశావు కదూ?"

"అవునండి."

"పోనీలే. మళ్లీ వెయ్యి."

"మా నాన్న తాగలేదని మైకులో చెప్పండి. తర్వాత మాట్లాడుకుందాం."

కొవ్వూరులో ఆట మొదలెట్టే ముందు చెప్పాడు, నేల చూపులు చూస్తూ, గొణుగుతూ. జనంలోంచి రత్నమాణిక్యం లేచి నిలబడింది.

"ఇక్కడికి వినపళ్లేదండి."

మళ్లీ చెప్పాడు.

"నిచ్చెన సంగతి కూడా చెప్పండి."

అదీ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు తెరగుడ్డ తానుతో వచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"ఇదేంటమ్మా, చెప్పమన్నావు, చెప్పాను కదా!"

"మాట్లాడుకుందామన్నానండి. వేస్తానన్లేదు."

చంద్రరావు గుడ్డ తాను భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆమె లోపలికెళ్లి మందుల షాపు బోర్డు మీద ఎర్ర అక్షరాలకు రెండో పూత మొదలుపెట్టింది.